జైలు నుంచి విడుదలయ్యే మహిళకి నివాసం: గేటు దాటిన మొదటి వారం ఎక్కడ, తర్వాత ఎక్కడ?

నల్గొండ_పీఎల్‌వీ
నేను పీఎల్‌వీని, అంటే న్యాయ సేవాధికార సంస్థ తరఫున పనిచేసే పారాలీగల్ వాలంటీర్‌ని. చంచల్‌గూడ మహిళా జైలు నుంచి వచ్చే నెల శిక్ష పూర్తయి బయటికొచ్చే ఒకామె కోసం అడుగుతున్నా. భర్త మరణం కేసు. కింది కోర్టులో జీవిత ఖైదు పడితే, హైకోర్టు దాన్ని ఐపీసీ 304 రెండో భాగానికి (హత్య కిందికి రాని నరహత్య) మార్చి శిక్ష తగ్గించింది. అత్తింటి వైపు గడప తొక్కనివ్వరు. పుట్టింట్లో అన్న మాత్రమే ఉన్నాడు, ఆయన రావద్దని చెప్పేశాడు. కూతురికి 13 ఏళ్ళు, అమ్మమ్మ వైపు చుట్టాల దగ్గర ఉంది. కొడుక్కి 9 ఏళ్ళు. 6 నిండే దాకా తల్లితోనే జైల్లో ఉన్నాడు, ఆ తర్వాత బాలసదనంలో చేర్చారు. ఆమెకి ఆధార్ ఉంది గానీ అందులో అత్తింటి అడ్రస్. ఫోన్ లేదు. పిల్లలిద్దరినీ తన దగ్గరికి తెచ్చుకోవాలని ఆమె పట్టు. ఏ క్రమంలో ఏం చేయాలో తెలిసినవాళ్ళు చెప్పండి. "సఖికి ఫోన్ చేయండి" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి దయచేసి.

సఖి_డెస్క్_కరీంనగర్
ఒక్క ముక్కలో తేలదులెండి. ముందు మూడు పేర్లు విడివిడిగా పెట్టుకోండి, బయట అందరూ వీటిని కలిపేస్తారు.

సఖి సెంటర్, అంటే వన్ స్టాప్ సెంటర్: 24 గంటలూ తెరిచే ఉంటుంది, తాత్కాలిక బస 5 రోజుల వరకు. 181 కి ఫోన్ చేసినా ఇక్కడికే కలుపుతారు. ఇది ఇల్లు కాదు, మజిలీ మాత్రమే.

శక్తి సదన్: పాత స్వధార్ గృహ్, ఉజ్జ్వల హోములు రెండూ కేంద్రం మిషన్ శక్తి పథకంలో కలిసి 2022 మార్గదర్శకాలతో ఈ పేరు పెట్టుకున్నాయి. తిండి, బట్టలు, వైద్యం, న్యాయ సహాయం, వృత్తి శిక్షణ ఉచితం. జైలు నుంచి విడుదలై కుటుంబ ఆసరా, ఆర్థిక ఆసరా లేని మహిళలు అర్హులని స్వధార్ రూల్స్‌లోనే పేరు పెట్టి రాశారు. కాబట్టి "జైలు కేసులు మేం తీసుకోం" అని వార్డెన్ అంటే అది ఆమె సొంత మాటే, రూల్ కాదు.

సఖి నివాస్: ఉద్యోగం చేసే మహిళల హాస్టల్. ఇక్కడ జీతం చూపించాలి. అద్దె కూడా జీతంలో శాతంగానే కడతారు, సింగిల్ రూమ్‌కి 15, డబుల్‌కి 10, డార్మిటరీకి 7.5. కాబట్టి ఇది రెండో మెట్టు. విడుదలైన రోజే ఇక్కడికి తీసుకెళ్తే వెనక్కి పంపిస్తారు.

మీ కేసులో శక్తి సదన్ సీటు విడుదలకి ముందే ఖాయం కావాలి. జైలు సూపరింటెండెంట్ నుంచి జిల్లా సంక్షేమ అధికారికి ఒక లేఖ, దాని నకలు న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి. ఆ లేఖలో ఉండాల్సినవి: విడుదల తేదీ, వెంట వచ్చే పిల్లల వయసులు, ఆరోగ్య పరిస్థితి, తీసుకుంటున్న మందులు. నోటిమాటగా "సీటుంది, తీసుకురండి" అని చెప్పించుకుని వెళ్ళొద్దు. డ్యూటీ మారితే ఆ మాట అక్కడితో సరి. సంక్షేమ అధికారి సంతకంతో చేర్పు ఉత్తర్వు చేతిలో ఉండాలి.

కుమారి_వార్డెన్
పైన చెప్పింది సరైనదే. ఒక్కటి కలుపుతా, పిల్లాడి వయసు. 8 దాటిన మగపిల్లల్ని తీసుకోరు. 9 ఏళ్ళు అంటున్నారు కాబట్టి బాలసదనంలోనే ఉంచాలి.

సఖి_డెస్క్_కరీంనగర్
మేడమ్, 8 అన్నది స్వధార్ కాలం రూల్. మిషన్ శక్తిలో మగపిల్లలకి 12 చేశారు, పెళ్ళికాని ఆడపిల్లలకి వయసు పట్టింపే లేదు. చాలా హోముల గోడ మీద ఇంకా పాత చార్టే వేలాడుతోంది, అందుకే ఈ గందరగోళం. అర్జీలో "మిషన్ శక్తి మార్గదర్శకాల ప్రకారం 12 ఏళ్ళ లోపు కుమారుడితో సహా" అని రాయించండి. అది రాస్తే వాదన ఉండదు.

కుమారి_వార్డెన్
సరే, ఒప్పుకుంటున్నా. కానీ గదులు అందుకు తగ్గట్టు మారలేదు. ఒకే హాల్లో పడుకునే చోట 11 ఏళ్ళ అబ్బాయిని పెడితే మిగతా మహిళలు అభ్యంతరం చెప్తారు, అందులో తప్పేమీ లేదు. ముందే వెళ్ళి చూసి రండి, కుటుంబాలకి వేరే గది ఉందా అని అడగండి. లేకపోతే పక్క జిల్లా హోమ్ అడగండి. సొంత జిల్లాలోనే చేరాలని ఏమీ లేదు.

గోదారి_వకీలు
సీటు ఒక ఎత్తు, కాగితాలు ఒక ఎత్తు. జైలు లోపల ఉండగా ఒక సంతకంతో అయిపోయే పని, బయటికొచ్చాక నాలుగు ఆఫీసులు తిప్పుతుంది. గేటు దాటకముందే తీసుకోవాల్సినవి చెప్తున్నా.

విడుదల ధ్రువపత్రం. ఇందులో పేరు ఎలా పడిందో అక్షరం అక్షరం చూడండి. జైలు రికార్డుల్లోకి పేరు వారెంట్ నుంచి వస్తుంది, వారెంట్‌లోకి ఎఫ్ఐఆర్ నుంచి. ఎఫ్ఐఆర్‌లో రైటర్ "ఎల్లమ్మ అలియాస్ లక్ష్మి, భర్త పేరు ఫలానా" అని రాసి ఉంటాడు, ఆధార్‌లో ఇంటిపేరుతో "లక్ష్మి" అని ఉంటుంది. బ్యాంకు వాడికి వీళ్ళిద్దరూ వేర్వేరు మనుషులు. సూపరింటెండెంట్ ముద్రతో "ఈ రెండు పేర్లూ ఒకే వ్యక్తివి" అని ఒక వాక్యం, మీద ఫోటో అంటించి ముద్ర సగం ఫోటో మీద పడేలా వేయించండి. ఈ ఒక్క కాగితం సగం తిప్పట తగ్గిస్తుంది.

హైకోర్టు తీర్పు సర్టిఫైడ్ కాపీ. 302 (హత్య) కాదు, 304 అని చూపించాల్సిన అవసరం ముందు ముందు చాలాసార్లు వస్తుంది.

జైలు ఖాతా లెక్క. సొంత డబ్బు, పని చేసిన కూలీ, అందులో కోతలు ఏవైనా ఉంటే అవి, అన్నీ రాతపూర్వకంగా. లోపలికి వెళ్ళినప్పుడు తీసుకున్న వస్తువుల జాబితా (తాళి, కమ్మలు, ఫోన్) ఆ రోజే సరిచూసుకుని సంతకం పెట్టాలి. గేటు బయటికి వచ్చాక అడిగితే ఎవరూ పట్టించుకోరు.

వైద్య రికార్డు, కనీసం రెండు వారాల మందులు. బీపీ, షుగర్, థైరాయిడ్, నిద్ర మాత్రలు వాడేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. మానసిక వైద్యం మందులు హఠాత్తుగా ఆగితే వచ్చే గొడవని హోమ్‌లో "ప్రవర్తన బాగోలేదు" అని రాసి బయటికి పంపేస్తారు.

జరిమానా కట్టారా లేదా. కట్టకపోతే దాని బదులు అదనపు శిక్ష ఉంటుంది, విడుదల తేదీ మారుతుంది. పేద ఖైదీల సహాయ పథకం 2023 మార్గదర్శకాల్లో జరిమానాకి 25,000 దాకా ఇచ్చే వీలు పెట్టారు. న్యాయ సేవాధికార సంస్థ ద్వారా అడగాలి.

బస్తీ_సంఘం_సికింద్రాబాద్
ఆధార్ ముచ్చట జెప్త. అడ్రస్ మార్చకపోతే అన్నీ ఆగిపోతయ్. హోమ్‌ల చేరినంక హోమ్ సూపరింటెండెంట్ గానీ వార్డెన్ గానీ ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ వాళ్ళ నమూనా సర్టిఫికెట్ నింపి ఇస్తే అదే అడ్రస్ ప్రూఫ్. గుర్తింపు పొందిన హోమ్ అయి ఉండాలె. ఆ సర్టిఫికెట్ మూడు నెలలే చెల్లుతది, తీసుకుని బీరువాల పెట్టుకోవద్దు. కొట్టివేతలు ఉంటే సెంటర్‌ల తిప్పి పంపుతరు.

అసలు ఆధారే లేనోళ్ళకి ఇంకో దారుంది. జైలు అధికారి సంతకం, ముద్ర ఉన్న ఖైదీ ప్రవేశ పత్రాన్ని యూఐడీఏఐ 2023 నుంచి ఒప్పుకుంటున్నది. అంటే లోపల ఉండంగనే ఆధార్ తీయించొచ్చు. జైలుకి క్యాంప్ పిలిపించుమని న్యాయ సేవాధికార సంస్థని అడగాలె.

ఫోన్ నంబరు మర్చిపోవద్దు. పాత సిమ్ నెలల తరబడి వాడకపోతే కంపెనీ ఆ నంబర్ వేరేటోళ్ళకి ఇస్తది. గప్పుడు ఈమె ఆధార్ ఓటీపీ ఎవరి ఫోన్‌కో పోతది, బ్యాంకు ఓటీపీ గూడ గంతే. కొత్త సిమ్ తీసుకున్న రోజే ఆధార్ సెంటర్‌ల నంబర్ మార్పించాలె. దానికి వేరే కాగితం అక్కర్లే, వేలిముద్ర చాలు.

కడప_సుజాత
ఆంధ్ర వైపు కేసులకి నాలుగు మాటలు. రాజమండ్రి, కడప మహిళా జైళ్ళ నుంచి వచ్చేవాళ్ళకి పని జరిగేది గ్రామ, వార్డు సచివాలయంలో. కానీ సచివాలయానికి కావల్సింది ఆ ఊళ్ళో మనిషిగా ఇంటింటి సర్వే మ్యాపింగ్‌లో ఉండటం. ఆమె పేరు ఇంకా అత్తింటి కుటుంబంలోనే మ్యాప్ అయి ఉంటే కొత్త బియ్యం కార్డు రాదు, ముందు ఆ కుటుంబం నుంచి విడగొట్టాల. అత్తింటోళ్ళు సంతకం పెట్టరు కదా, అక్కడే ఆగిపోతాది. ఇట్లాంటప్పుడు కోర్టు తీర్పు కాపీ, హోమ్ సర్టిఫికెట్ జత చేసి తహసీల్దార్‌కి అర్జీ పెట్టండి. సచివాలయం కౌంటర్‌లో వాదించి లాభం లేదు, వాళ్ళ స్క్రీన్‌లో ఆ బటన్ ఉండదు.

పింఛను తీసుకుంటూ జైలుకి పోయినవాళ్ళది వరసగా మూడు నెలలు తీసుకోకపోతే ఆగిపోయుంటాది. తిరిగి ఇమ్మని సచివాలయంలో అర్జీ పెట్టండి.

ఇంకొకటి. ఇంటి స్థలం పట్టా ఆమె పేరు మీద ముందే వచ్చి ఉందేమో చూడండి. పట్టాలన్నీ ఆడోళ్ళ పేరు మీదే ఇచ్చినారు కదా, జైల్లో ఉన్నామెకి కూడా లేఅవుట్‌లో నంబర్ ఉండొచ్చు. కట్టలేదని రద్దు చేసినారా, వేరేవాళ్ళు కూర్చున్నారా అని మండల ఆఫీసులో అడిగితే తెలుస్తాది.

రాత్రిపూట_కాల్
మొదటి రోజు గురించి ఎవరూ చెప్పలేదు. కోర్టు నుంచి ఉత్తర్వు వచ్చి లెక్కలు తేలి గేటు తీసేసరికి చాలాసార్లు సాయంత్రం అయిపోతుంది. బయట ఆటోవాళ్ళుంటారు, పాత పరిచయాలుంటాయి, "అక్కా రా, మా ఇంట్లో ఉందువుగానీ" అనే బ్రోకర్లూ ఉంటారు. వ్యభిచారం కేసుల్లో వచ్చినవాళ్ళని, గంజాయి కేసుల్లో వచ్చినవాళ్ళని మళ్ళీ అదే ముఠా గేటు దగ్గరే ఎక్కించుకుపోతుంది. ముందురోజే 181 కి చెప్పి సఖి వాహనం అడగండి. పీఎల్‌వీ ఒకరు గేటు దగ్గరే ఉండాలి, "వస్తాలే" కాదు.

ఉచిత బస్సు ఉందిగా అనుకోవద్దు. తెలంగాణలో మహాలక్ష్మి కైనా, ఆంధ్రలో స్త్రీశక్తి కైనా ఆ రాష్ట్రం అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. ఆధార్ కార్డు అత్తింటి బీరువాలో ఉంటే కండక్టర్ టికెట్ కొడతాడు. చిల్లర చేతిలో ఉండాలి.

నల్గొండ_పీఎల్‌వీ
చాలా ఉపయోగంగా ఉంది. రెండు ప్రశ్నలు. అత్తింటి ఇంట్లో ఆమెకి హక్కు ఏమైనా ఉంటుందా? కొడుకుని బాలసదనం నుంచి తెచ్చుకోవాలంటే ఇల్లు చూపించమంటున్నారు, హోమ్‌లో చేరితే అది ఇల్లు కింద లెక్కేనా?

గోదారి_వకీలు
మొదటిది నేను చెప్తాను, పిల్లల సంగతి తెలిసినవాళ్ళు రెండోది అందుకోండి.

హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 25 ప్రకారం హత్య చేసినవాళ్ళు, చేయించినవాళ్ళు చనిపోయినవాళ్ళ ఆస్తికి వారసులు కాలేరు. 302 నిలబడి ఉంటే భర్త ఆస్తిలో వాటా అడిగే దారి మూసుకున్నట్టే. మీ కేసులో హైకోర్టు 304 రెండో భాగానికి మార్చింది. సెక్షన్‌లో ఉన్న మాట హత్య కాబట్టి, ఈ శిక్షకి ఆ అనర్హత వర్తిస్తుందా అన్నది సివిల్ కోర్టులో వాదించాల్సిన ప్రశ్న. తప్పకుండా గెలుస్తారని ఎవరైనా చెప్తే నమ్మొద్దు, ఏమీ రాదని తేల్చేసినా నమ్మొద్దు. పిల్లల వాటా మాత్రం వేరు. తల్లి అనర్హత పిల్లలకి అంటదు, తండ్రి ఆస్తిలో వాళ్ళ హక్కు చెక్కుచెదరదు. అత్తింటివాళ్ళు గుట్టుగా ఆస్తి అమ్మేసేది సరిగ్గా తల్లి జైల్లో ఉన్నప్పుడే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం) తీయించండి. పిల్లల తరఫున ఆస్తి పంపకం దావా వేస్తూ, దాంతో పాటే అమ్మకం ఆపే మధ్యంతర ఉత్తర్వు అడగాలి.

పుట్టింటి వైపు: 2005 సవరణ తర్వాత ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా. అన్న "రావద్దు" అనడం వేరు, వాటా లేదనడం వేరు. చాలాచోట్ల జైలు ములాఖత్‌కి వచ్చినప్పుడు తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుని ఉంటారు. "ఏమైనా సంతకం పెట్టావా అమ్మా" అని నిదానంగా అడగండి. రిజిస్టర్ కాని హక్కు విడుదల పత్రం బలహీనమైనదే.

గృహహింస చట్టం సెక్షన్ 17, 19 కింద నివాస హక్కు అడగొచ్చా అంటే, సాధారణంగా అడగొచ్చు. హింస జరిగిన సమయంలో ఆ ఇంట్లో భౌతికంగా ఉండి తీరాలని లేదని 2022లో ప్రభా త్యాగి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ భర్త మరణం కేసులో శిక్ష అనుభవించి వచ్చిన ఆమెని అదే ఇంట్లో అత్తమామల మధ్య పెట్టమని అడగడం నా ఉద్దేశంలో తెలివైన పని కాదు. ఉత్తర్వు వచ్చినా ప్రాణభయం మిగులుతుంది. చిన్న నేరాల్లో, అప్పుల కేసుల్లో, దొంగతనం కేసుల్లో వచ్చి భర్త గెంటేసినవాళ్ళకి మాత్రం ఇది మంచి ఆయుధం. ఇల్లు కాకపోతే అదే స్థాయి అద్దె ఇల్లు ఇప్పించమని సెక్షన్ 19 లోనే అడగొచ్చు.

ఇవన్నీ 15100 కి ఫోన్ చేస్తే ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. మహిళ కాబట్టి ఆదాయ పరిమితి లేదు, న్యాయ సేవల చట్టం సెక్షన్ 12.

బాలల_కమిటీ_పరిశీలకురాలు
రెండోది. పిల్లాడిని బాలసదనం నుంచి అప్పగించేది వార్డెన్ కాదు, బాలల సంక్షేమ కమిటీ. కమిటీ జిల్లా బాలల పరిరక్షణ విభాగాన్ని సామాజిక పరిశోధన నివేదిక అడుగుతుంది. వాళ్ళు వచ్చి చూసేవి: ఎక్కడ పడుకుంటాడు, స్కూల్ ఎంత దూరం, తల్లి మానసిక స్థితి, అబ్బాయి ఇష్టం. శక్తి సదన్ చేర్పు ఉత్తర్వులో కొడుకు పేరు ఉంటే అది నివాసం కిందే చూస్తారు. "ఇల్లు కడితేనే పిల్లాడు" అని ఎవరూ అనడానికి లేదు. అర్జీ విడుదలకి ముందే పెట్టండి. కమిటీ రోజూ పూర్తి కోరంతో కూర్చోదు, ఒక్క వాయిదా తప్పితే వారాలు పోతాయి.

ఆధార్ దగ్గర ఒక చిక్కు. పిల్లలకి 5 ఏళ్ళు నిండాక వేలిముద్రలు, కనుపాపలు ఇచ్చి ఆధార్ నవీకరించాలి. ఆ సమయంలో ఈ అబ్బాయి జైల్లో ఉన్నాడు కాబట్టి చేయించి ఉండరు. 7 దాటినా చేయించకపోతే నంబరు పనిచేయకుండా పోవచ్చు. స్కూల్లో, హోమ్‌లో అదే అడుగుతారు. ముందు అది చేయించండి.

బదిలీ పత్రం రాలేదని 8వ తరగతి లోపు పిల్లల్ని స్కూలు ఆపడానికి విద్యాహక్కు చట్టం సెక్షన్ 5 ఒప్పుకోదు.

అమ్మాయికి 13 అంటే కస్తూర్బా విద్యాలయం చూడండి, 6వ తరగతి నుంచి ఉంటుంది, హాస్టల్ ఉచితం. అయితే దసరా, సంక్రాంతి, వేసవి సెలవులకి హాస్టల్ ఖాళీ చేయిస్తారు. ఆ రోజుల్లో అమ్మాయి తల్లి దగ్గర శక్తి సదన్‌లో ఉండేలా చేర్పు ఉత్తర్వులోనే రాయించుకోండి. లేకపోతే మళ్ళీ చుట్టాల గుమ్మమే గతి.

అన్నిటికంటే ముందు ఒక మాట. ఆరేడేళ్ళ తర్వాత తల్లిని చూసే 13 ఏళ్ళ అమ్మాయి వెంటనే రాకపోవచ్చు. చుట్టాలింట్లో తండ్రి గురించి ఏం చెప్పారో మనకి తెలియదు. కమిటీ కౌన్సెలర్ సమక్షంలో రెండు మూడు కలయికలు అయ్యాకే మార్చండి. అబ్బాయి సంగతి వేరు, వాడు తల్లి దగ్గరే పెరిగాడు.

విశాఖ_రవి
శిక్ష పూర్తయినవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. లోపల ఉన్నవాళ్ళలో ఎక్కువమంది విచారణ ఖైదీలు కదండీ. బెయిల్ వచ్చి కూడా ష్యూరిటీ లేక ఉండిపోయేవాళ్ళ సంగతేంటి?

గోదారి_వకీలు
అది కూడా ఇంటి సమస్యే. అడ్రస్ లేదు కాబట్టి జామీను లేదు, జామీను లేదు కాబట్టి జైలు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు గుర్తుపెట్టుకోండి. బెయిల్ వచ్చిన 7 రోజుల్లో విడుదల కాకపోతే సూపరింటెండెంట్ న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పాలి. నెలలోగా పూచీకత్తు ఇవ్వలేకపోతే కోర్టు తనంతట తాను షరతు సడలించవచ్చు. స్థానిక జామీనుదారే కావాలని పట్టుబట్టడం ఆలస్యానికి ఒక కారణమని గుర్తించి, అలాంటి షరతు పెట్టకపోవచ్చని సూచించింది. పేద ఖైదీల పథకంలో బెయిల్ మొత్తానికి 2023 మార్గదర్శకాల ప్రకారం 40,000 దాకా.

కానీ విశాఖ అంటున్నారు కాబట్టి ఇది చెప్పాలి: ఆ పథకం ఎన్డీపీఎస్ (మత్తుపదార్థాల చట్టం) కేసులకి వర్తించదు. గంజాయి మోస్తూ దొరికిన ఏజెన్సీ మహిళలకి ఆ డబ్బు రాదు. వాళ్ళకి షరతు సడలింపు పిటిషనే దారి.

బెయిల్ మీద వచ్చేవాళ్ళకి హోమ్ ఎంచేటప్పుడు షరతులు చదవండి. "ప్రతి ఆదివారం ఫలానా స్టేషన్‌లో సంతకం" అని ఉంటే, హోమ్ వేరే జిల్లాలో ఉంటే, సంతకం తప్పుతుంది, బెయిల్ రద్దవుతుంది. హోమ్ దగ్గర స్టేషన్‌కి మార్చమని ముందే పిటిషన్ వేయండి. క్షమాభిక్ష మీద వచ్చిన జీవిత ఖైదీలకీ నిర్ణీత కాలానికోసారి స్టేషన్‌లో హాజరు షరతు ఉండొచ్చు. అడ్రస్ మారిన ప్రతిసారీ రాతపూర్వకంగా తెలియజేసి రసీదు తీసుకోవాలి.

కుమారి_వార్డెన్
హోమ్‌లో ఏం తేడా కొడుతుందో లోపలి వైపు నుంచి చెప్తా. మొదటి నెలలో వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. ఫోన్ వార్డెన్ దగ్గర పెట్టమంటారు, బయటికెళ్ళాలంటే రిజిస్టర్, రాత్రి తాళం. అప్పుడే జైలు నుంచి వచ్చినామెకి ఇది ఇంకో జైలులాగే ఉంటుంది. నిజం చెప్పాలంటే కొన్ని హోములు అలాగే నడుస్తున్నాయి కూడా. చేర్చే రోజే మూడు సంగతులు తేల్చుకోండి: ఫోన్ రోజుకి ఎంతసేపు, పనికి వెళ్ళడానికి అనుమతి ఎప్పటి నుంచి, కోర్టు వాయిదాలకి, స్టేషన్ సంతకానికి ఎవరు తోడొస్తారు. రాతలో ఉంటే వార్డెన్‌కి కూడా ధైర్యం.

తోటివాళ్ళకి ఆమె కేసు చెప్పొద్దు. కేసు ఫైలు వార్డెన్, కౌన్సెలర్ ఇద్దరి దగ్గరే ఉండాలి. ఏదైనా వస్తువు పోతే మొదటి వేలు జైలు నుంచి వచ్చినామె వైపే లేస్తుంది. తాళం వేసుకునే చిన్న ట్రంకు పెట్టె ఒకటి ఇప్పించండి, ఆ గొడవ సగం తప్పుతుంది.

శక్తి సదన్‌లో ఉన్నవాళ్ళ బ్యాంకు ఖాతాలో నెలకి 500 జమ చేసి, వెళ్ళేటప్పుడు వడ్డీతో ఇచ్చే ఏర్పాటుంది. ఖాతా తెరవకపోతే ఆ నెలలది ఎవరూ వెనక్కి వెయ్యరు. పాత ఖాతా ఉంటే రెండేళ్ళు లావాదేవీ లేక నిద్రాణమై ఉంటుంది, కేవైసీ ఇచ్చి మళ్ళీ తెరిపించుకోవచ్చు, దానికి రుసుము లేదు.

బస్తీ_సంఘం_సికింద్రాబాద్
హోమ్ నుంచి కిరాయి రూమ్‌కి మారేటప్పుడు లెక్క చూసుకోవాలె. నెలకి 5,000 కిరాయి అనుకుంటే రెండు నెలల అడ్వాన్స్ 10,000, మొదటి నెల 5,000, గిన్నెలు, చాప, బకెట్, స్టవ్ కలిపి ఇంకో నాలుగైదు వేలు. అంటే 20,000 చేతిల లేకుండ దిగొద్దు. రెండో నెల కిరాయి ఆగితే ఓనర్ సామాన్ బయట పెడ్తడు.

గ్యాస్‌కి కొత్త కనెక్షన్ వచ్చేదాకా ఆగొద్దు. 5 కిలోల చిన్న సిలిండర్ ఏదైనా గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తరు, అడ్రస్ ప్రూఫ్ అడగరు. ఉజ్జ్వల గ్యాస్ పథకానికి అర్హత ఉంటే వలస కుటుంబం అని స్వీయ ప్రకటన రాసిస్తే రేషన్ కార్డు, అడ్రస్ ప్రూఫ్ బదులు అదే నడుస్తది.

ఓనర్‌కి కేసు సంగతి చెప్పాల్నా వద్దా? నా మాట: అడగంది చెప్పొద్దు. కిరాయి చీటీల నేర చరిత్ర రాయాలన్న రూల్ లేదు.

రాత్రిపూట_కాల్
ఇక్కడ నేను ఒప్పుకోను అన్నా. చెప్పకుండా దిగితే మూడో నెలలో కానిస్టేబుల్ వెరిఫికేషన్‌కి వచ్చి గుమ్మంలో నిలబడి గట్టిగా అడుగుతాడు, వాడకట్టంతా వింటుంది. ఓనర్ ఒక్కరికి ముందే చెప్పి, తోడుగా సంఘం మనిషో, వకీలో వెళ్ళి మాట్లాడితే నిలబడతారు. నలుగురు ఓనర్లు కాదంటారు, ఐదోవారు ఇస్తారు.

బస్తీ_సంఘం_సికింద్రాబాద్
నలుగురు కాదన్నంక ఐదో ఇంటికి పోయేసరికి బస్తీ మొత్తం తెలిసిపోతది కదా. మీరు చెప్పేది సంఘం మనిషి వెంట ఉన్నప్పుడే నడుస్తది. ఒంటరిగా వెతుక్కునేటామెకి నడవదు. స్టేషన్ సంతకం షరతు ఉంటే చెప్పక తప్పదు, గా మాట మాత్రం ఒప్పుకుంట. అబద్ధం మాత్రం రాయొద్దు. ఫారంల "కేసులు ఉన్నాయా" అని గడి ఉంటే ఖాళీ వదలకుండ నిజమే రాయాలె, లేకుంటే ఆ రూమ్ వద్దు.

కడప_సుజాత
పెద్దవాళ్ళ సంగతి కూడా ఉంది. కోడలి కేసుల్లో శిక్ష పడి అరవై దాటి బయటికొచ్చే అత్తలు. వాళ్ళని శక్తి సదన్‌లో పడుచుపిల్లల మధ్య పెట్టినా ఇమడరు. స్వధార్ రూల్లో 55 దాటినోళ్ళకి 5 ఏళ్ళు, తర్వాత వృద్ధాశ్రమం అని ఉండేది. నేరుగా వృద్ధాశ్రమానికి అడిగితేనే మేలు. ఎల్డర్ లైన్ 14567. కొడుకులు ఉండీ చూడకపోతే 2007 చట్టం కింద ఆర్డీవో ట్రైబ్యునల్‌లో మనోవర్తి అడగొచ్చు. జైలుకి పోయొచ్చినారని ఆ హక్కు పోదు.

నల్గొండ_పీఎల్‌వీ
ఆఖరుగా పని గురించి. సఖి నివాస్‌కి మారాలంటే జీతం చూపించాలన్నారు. జైళ్ళ శాఖ పెట్రోల్ బంకుల్లో విడుదలైనవాళ్ళని తీసుకుంటారని విన్నాను, నిజమేనా?

సఖి_డెస్క్_కరీంనగర్
నిజమే, తెలంగాణ జైళ్ళ శాఖ బంకుల్లో విడుదలైనవాళ్ళకి పని ఇస్తున్నారు. లోపల ఉండగానే జైలు సంక్షేమ అధికారికి అర్జీ ఇవ్వడం నయం, బయటి నుంచి అడిగితే ఎవరి టేబుల్ మీదో తేలదు. పని ఖాయమైతే నియామక పత్రం తీసుకోండి. రోజు కూలీ అయినా సరే, యజమాని లెటర్‌హెడ్ మీద నెలకి ఇంత అని రాసిస్తే సఖి నివాస్ అర్జీకి జత చేయొచ్చు. షిఫ్టు మాత్రం చూసుకోండి. హోమ్ గేటు రాత్రి ఎన్నింటికి మూస్తారో, బంకులో షిఫ్టు ఎన్నింటికి దిగుతుందో రెండూ కుదరకపోతే ఉద్యోగమో నివాసమో ఒకటి పోతుంది. పగటి షిఫ్టు అడగండి, ఇద్దరు పిల్లలున్నారని కారణం రాయండి.

మీ కేసుకి ఈ వారం పనులు: సూపరింటెండెంట్ లేఖ, సంక్షేమ అధికారి నుంచి చేర్పు ఉత్తర్వు, అందులో కొడుకు పేరు, కూతురి సెలవుల బస. కమిటీకి అర్జీ. పేరు తేడా సర్టిఫికెట్. కొడుకు ఆధార్. విడుదల ముందురోజు 181. బ్యాంకు, ఫోన్ నంబర్, ఆధార్ అడ్రస్ హోమ్‌లో చేరాక.

నల్గొండ_పీఎల్‌వీ
రేపే జైలుకి వెళ్ళి లేఖ అడుగుతాను. హోమ్ పేరు ఖాయం కాకుండా సూపరింటెండెంట్ లేఖ ఇస్తారా?

సఖి_డెస్క్_కరీంనగర్
ఇస్తారు. లేఖ వెళ్ళాల్సింది సంక్షేమ అధికారికి, హోమ్‌కి కాదు. హోమ్ పేరు చోట "తగిన శక్తి సదన్" అని రాయించండి. ఖాళీ ఎక్కడుందో చూసి వేసే పని ఆ అధికారిది.